తన ఒళ్లే తనకు దెయ్యం: బాడీ హారర్ సినిమాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకోసారి ఓ స్నేహితుడి మేడ మీద గదిలో పది పన్నెండు మందిమి చేరి సినిమా చూస్తాం. తన ఒంటి మీద తనకే పిచ్చి పట్టిన మనుషుల కథ వేసిన ప్రతిసారీ వారం ముందు నుంచీ, వారం తర్వాత దాకా ఫోన్లో అవే సందేహాలు. ఒకరికి చెప్పిందే ఇంకొకరికి టైపు చేసీ చేసీ విసుగొచ్చి అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే వెళ్లిపోండి. కథ బయటపడే చోట ఆ మాట ముందే చెప్పాను.

## చూడకముందు

బాడీ హారర్ అంటే దెయ్యాల సినిమానేనా?

కాదు. దెయ్యం సినిమాలో భయం బయటినుంచి వస్తుంది. పాడుబడ్డ బంగళా ఉంటుంది, తీరని పగ ఉంటుంది, దాన్ని వదిలించడానికి ఒక మంత్రగాడో తాయెత్తో ఉంటుంది. ఇక్కడ వదిలించడానికి ఎవరూ లేరు. భయం చర్మం కిందే కాపురం ఉంది. కొన్నింట్లో ఒళ్లు కుళ్లుతుంది, ఆకారం మారుతుంది, చెప్పిన మాట వినదు. ఇంకొన్నింట్లో ఒంటికి ఏమీ కాదు, మనిషే దాన్ని వదల్లేకపోతాడు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఈ రెండో రకంవి. 'బాడీ హారర్' అన్న మాటను 1983లో ఆస్ట్రేలియాకు చెందిన ఫిలిప్ బ్రోఫీ తన వ్యాసంతో వాడుకలోకి తెచ్చాడంటారు.

రక్తపాతం సినిమాలు బోలెడు చూశాను. వీటిలో కొత్తగా ఏముంది?

వాటిలో కత్తి ఇంకొకడి చేతిలో ఉంటుంది. పరిగెత్తొచ్చు, తలుపు వేసుకోవచ్చు, తిరగబడొచ్చు. వీటిలో కత్తి పట్టిన చెయ్యీ, తెగే చెయ్యీ ఒకరివే. అరవాలన్నా ఎవరి మీద అరుస్తారు? అందుకే యాక్షన్ సినిమాలో నూరు తలలు తెగినా పాప్‌కార్న్ తినేవాళ్లు, ఇక్కడ వేలి గోరు పక్కన చర్మం పీచు లేచిందంటే కాళ్లు ముడుచుకుంటారు. తల తెగడం మనలో ఎవరికీ అనుభవం లేదు. గోరు పక్క చర్మం అందరికీ అనుభవమే.

మొదటిసారి చూస్తున్నాను. దేనితో మొదలుపెట్టాలి?

నేను చెప్పే వరస ఇది. ముందు 'బ్లాక్ స్వాన్' (2010, 108 నిమిషాలు). కథ పట్టుగా ఉంటుంది, నటి మిమ్మల్ని లాక్కుపోతుంది. తర్వాత డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన 'ద ఫ్లై' (1986). చూడటానికి అసహ్యంగా ఉన్నా నిజానికి అదొక విషాద ప్రేమకథ. ఆపైన 'ద సబ్‌స్టెన్స్' (2024, 141 నిమిషాలు). చివరగా ఫ్రెంచ్ సినిమా 'ఇన్ మై స్కిన్' (2002). మరీ మొండివాళ్లైతే జపాన్ నుంచి వచ్చిన 'తెత్సువో' (1989) ఉంది. నలుపు తెలుపుల్లో గంటకు కాస్త పైన, మనిషి ఇనుపముక్కల పోగుగా మారిపోవడం.

నేరుగా 'సబ్‌స్టెన్స్'కి వెళ్లిపోయేవాళ్లున్నారు. తప్పని అనను కానీ, కారం దట్టించిన వేపుడు తిన్నాక పప్పు రుచి తెలియదు.

రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. చూడగలనా?

ముందు కళ్లు తిరగడం ఎందుకో తెలుసుకోండి. మామూలు భయంలో గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. రక్తం, గాయం చూసినప్పుడు కొందరికి మాత్రం అది ముందు పెరిగి, ఒక్కసారిగా పడిపోతుంది. మెదడుకు రక్తం చాలక కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకే 'ధైర్యం తెచ్చుకో, ఒళ్లు వదులు చెయ్యి' అన్న సలహా ఇక్కడ పనికిరాదు. చెయ్యాల్సింది దానికి తలకిందులు. తొడలు, చేతులు, పొట్ట కండరాలు పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి వదలండి, మళ్లీ బిగించండి. రక్తపోటు పడకుండా నిలబడుతుంది. తల తేలిపోతున్నట్టుంటే లేచి బయటికి పరిగెత్తకండి. ఉన్నచోటే పడుకుని కాళ్లు ఎత్తు మీద పెట్టుకోండి.

మా గదిలో పడిపోయిన ఒకే ఒక్కడు ఆరడుగుల మనిషి, జిమ్‌లో కండలు పెంచినవాడు. పక్కన కూర్చున్న, నర్సింగ్ చదివే అమ్మాయి అతని కాళ్లు ఎత్తి కుర్చీ మీద పెట్టి, తల తిప్పకుండా మిగతా సినిమా చూసింది.

భోంచేసి చూడాలా, చెయ్యకుండానా?

ఖాళీ కడుపు వద్దు, నిండు కడుపు అసలే వద్దు. 'ద సబ్‌స్టెన్స్' అయితే ఇంట్లో రొయ్యలు వండిన రోజు పెట్టుకోకండి. టీవీ బాసు నోటినిండా రొయ్యలు కుక్కుకుంటూ మాట్లాడే సీనుంది. రక్తం చుక్క కనబడదు గానీ కడుపులో దేవేది అక్కడే.

అమ్మానాన్నలతో, పిల్లలతో కలిసి చూడొచ్చా?

పిల్లలతో వద్దు. ఇక్కడ నేను పేరు పెట్టి చెప్పేవన్నీ పెద్దవాళ్ల కోసం తీసినవే, నగ్నత్వం కూడా ఉంటుంది. ఓటీటీలో 'ఎ' అని గుర్తుంటే అది అలంకారానికి పెట్టింది కాదు. అమ్మానాన్నల సంగతి మీ ఇంటి పద్ధతిని బట్టి. మా ఇంట్లో అయితే కుదరదు.

అసలు ఎవరు చూడకపోతే మంచిది?

తనను తాను గాయపరుచుకునే ఆలోచనలు ఇప్పుడు ఉన్నవాళ్లు, ఆ దశ దాటి ఎక్కువ కాలం కానివాళ్లు, తిండి మానేయడం, తిన్నది కక్కేయడం లాంటి ఇబ్బందితో ఉన్నవాళ్లు. వీళ్లకు 'ఇన్ మై స్కిన్' నేను వెయ్యను. పిరికివాళ్లనే లెక్కతో కాదు. ఆ సినిమా గాయాన్ని తప్పొప్పులు చెప్పకుండా, దగ్గరగా, దాదాపు ముద్దుగా చూపిస్తుంది. మనసు బాగున్న రోజున అది కళ. బాగోలేని రోజున కాదు. పక్కనుండి బలవంతపెట్టే స్నేహితులారా, దయచేసి మానండి.

## చూస్తున్నప్పుడు

'ఇన్ మై స్కిన్'లో ఆమె ఎందుకలా చేసుకుంటోంది? కారణం చెప్పరేంటి?

ఎక్కువమంది అడిగేది ఇదే. (కథ కొంత తెలిసిపోతుంది.) ఎస్తేర్‌కు ఆఫీసులో మంచి ఉద్యోగం ఉంది, ప్రమోషన్ వస్తోంది, ప్రేమించే కుర్రాడున్నాడు, ఇద్దరూ ఇల్లు చూసుకుంటున్నారు. ఒక పార్టీలో చీకట్లో పెరట్లోకి వెళ్లి పడుతుంది. కాలు చీరుకుపోతుంది. ఆ సంగతి ఆమెకే చాలాసేపటిదాకా తెలియదు. లోపలికొచ్చి తిరుగుతుంటే నేల మీద రక్తపు మరకలు. ఎవరివా అని చూస్తే తనవే. కుట్లు వేసిన డాక్టరు 'ఇది మీ కాలేనా?' అని తమాషా చేస్తాడు. సినిమా అంతా ఆ తమాషాలోనే ఉంది.

అక్కణ్నుంచి ఆమెది బాధ కాదు, కుతూహలం. ఇది నాదే అయితే నాకెందుకు తెలియలేదు? చిన్నప్పుడు మోకాలి పుండు పక్కు కడితే గిల్లి చూడకుండా ఉండగలిగామా? దాన్ని ఆపాల్సిన చోట ఆపకుండా పోతే ఏమవుతుందో అదే కథ. చిన్ననాటి అఘాయిత్యమో, చచ్చిపోయిన చెల్లెలో అంటూ ఓ ఫ్లాష్‌బ్యాక్ పెట్టి ఉంటే మనం 'ఓహో, అందుకా' అనుకుని ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఆ వెసులుబాటు ఇవ్వకపోవడమే ఈ సినిమా బలమని నా లెక్క.

రాసి, తీసి, ఎస్తేర్‌గా నటించింది మరీనా ద వాన్ ఒక్కతే. ఎనిమిదేళ్లప్పుడు ఆమె కాలి మీదుగా కారు పోయింది. అప్పుడు ఆ కాలు తనది కాని ఓ వస్తువులా కనబడిందని తర్వాత చెప్పుకుంది. ఇంకో మనిషి చర్మం మీద ఈ కథ తీయలేకపోయేదేమో.

ఆ సినిమాలోనే హోటల్ డిన్నర్‌లో చెయ్యి నిజంగానే ఊడిందా?

లేదు. 'ఇన్ మై స్కిన్'లో ఎస్తేర్ పెద్ద క్లయింట్లతో భోజనానికి కూర్చుంటుంది. తెల్లటి దుప్పటి పరిచిన బల్ల, వైన్ గ్లాసులు, ఏ ఊరు బాగుంటుందనే పైపై కబుర్లు. కిందికి చూస్తే మోచేతి దగ్గర్నుంచి తన చెయ్యి విడిగా, ప్లేటు పక్కన, ఫోర్కు చెంచాల వరసలో పడి ఉంటుంది. నిశ్శబ్దంగా రెండో చేత్తో పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది. పక్కవాళ్లు మాట్లాడుతూనే ఉంటారు.

ఈ సీను గురించి మా గదిలో ఒకావిడ, బ్యాంకులో పనిచేస్తుంది, ఒక మాటంది: 'మీటింగుల్లో నా చెయ్యి నోట్సు రాస్తూనే ఉంటుంది, నేనక్కడ ఉండను.' అంతకంటే మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

'బ్లాక్ స్వాన్'లో ఏది నిజం, ఏది భ్రమ?

(కథ తెలిసిపోతుంది.) లెక్క తేల్చుకుంటూ కూర్చోకండి, దర్శకుడు డారెన్ ఆరొనోఫ్‌స్కీ లెక్క తేలకుండానే తీశాడు. అయితే ఒక గుర్తుంది. విందు రాత్రి, హంస పాత్ర వేయబోయే బ్యాలే నర్తకి నీనా బాత్రూంలో వేలి పక్కన లేచిన పీచు పట్టుకుని లాగుతుంది. అది వేలి పొడవునా వచ్చేస్తుంది. కుళాయి కింద పెట్టి చూసుకుంటే వేలికి ఏమీ కాలేదు. అంటే అక్కడినుంచి ఆమె కళ్లతో చూసేదేదీ నమ్మొద్దని సినిమాయే మనకు చెప్పేసింది. భుజం వెనక గీరుకుపోయిన మచ్చ మాత్రం నిజమే. అమ్మ కూడా చూస్తుంది, పట్టుకుని గోళ్లు కత్తిరిస్తుంది. ఇంత వయసున్న కూతురికి తల్లి గోళ్లు కత్తిరించడం నాకు ఈకలు మొలవడం కంటే భయంగా అనిపించింది.

'ద సబ్‌స్టెన్స్' చివర్లో మా పక్కవాళ్లు నవ్వారు. నవ్వొచ్చా?

(కథ కొంత తెలిసిపోతుంది.) నవ్వొచ్చు, నవ్వమనే తీశారు. దర్శకురాలు కొరలీ ఫార్జా ఆఖరి అరగంటలో పగ్గాలు పూర్తిగా వదిలేసింది. రక్తం గొట్టాలతో చిమ్ముతుంది. నాకైతే ఆ భాగం కొంచెం సాగదీసినట్టే ఉంది.

అసలు సినిమా అంతకుముందు ఒక అద్దం దగ్గర అయిపోయింది. ఓ మందు ఎక్కించుకుని తన ఒంట్లోంచే ఓ పడుచుపిల్లను పుట్టించుకున్న ఒకప్పటి తార ఎలిజబెత్‌కు పాత స్కూలు స్నేహితుడితో డిన్నరు. ఎర్ర గౌను వేసుకుంది, బాగుంది కూడా. బయల్దేరబోతూ కిటికీలోంచి ఆ పడుచుపిల్ల పోస్టరు చూస్తుంది. వెనక్కొచ్చి కాస్త లిప్‌స్టిక్ మారుస్తుంది. మళ్లీ తలుపుదాకా వెళ్తుంది, మళ్లీ వెనక్కి. మెడ కప్పుకుంటుంది, రంగు దిద్దుకుంటుంది, తుడుస్తుంది, ఇంకా గట్టిగా తుడుస్తుంది, చివరికి మొహాన్నే చెరిపేయాలన్నంత కసిగా. ఆ రాత్రి ఆమె వెళ్లదు. పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే ఓ స్నేహితురాలు ఆ సీను అయ్యాక లేచి వరండాలోకి వెళ్లి నిలబడింది. చివర్లో వచ్చే రాక్షసి సీనుకు మాత్రం హాయిగా నవ్వింది.

కళ్లు మూసుకున్నా ఒళ్లు జలదరిస్తోంది. ఎందుకు?

శబ్దం వల్ల. ఈ సినిమాల్లో సగం పని సౌండుదే. చర్మం లేస్తున్న చప్పుడు, ఎముక కదిలిన చప్పుడు షూటింగులో పట్టినవి కావు. స్టూడియోలో తడిగుడ్డలు పిండి, కాడలు విరిచి, పండ్లు చిదిమి చేస్తారు. అందుకే భరించలేని చోట కళ్లు కాదు, చెవులు మూసుకోండి. రిమోట్ మీ చేతిలో ఉంటే మ్యూట్ నొక్కండి. అదే బొమ్మ సగం తేలిపోతుంది.

ఆ ఒళ్లంతా గ్రాఫిక్సేనా?

పేరున్నవాటిలో ఎక్కువగా చేత్తో చేసిన పనే. సిలికాన్‌తో, రబ్బరుతో అచ్చుపోసిన చర్మం ముక్కల్ని నటుల ఒంటికి అతికిస్తారు. గంటల తరబడి కుర్చీలో కూర్చోవాలి. 'ద ఫ్లై'కి, దాదాపు నలభై ఏళ్ల తర్వాత 'ద సబ్‌స్టెన్స్'కి ఆస్కార్ వచ్చింది మేకప్ విభాగంలోనే. 'బ్లాక్ స్వాన్' మాత్రం కంప్యూటర్ పనిని బాగా వాడుకుంది. చేత్తో చేసినదానికి బరువు, తడి ఉంటాయి. కంటికి ఆ తేడా తెలుస్తుంది, పేరు పెట్టలేకపోయినా.

## చూశాక

మూడు రోజులైంది, బుర్రలోంచి పోవడం లేదు. ఏం చెయ్యాలి?

ఎవరితోనైనా మాట్లాడండి, కథ చెప్పండి. నోటితో చెప్పేసరికి అది సినిమా అవుతుంది. మేకింగ్ వీడియోలు చూడటం కూడా పనిచేస్తుంది. ఆ పుండుకు ఒకరు కుంచెతో రంగేస్తుంటే, గాయపడ్డ మనిషి పక్కన కాఫీ తాగుతుంటే, పట్టు వదులుతుంది. వారం పది రోజులు దాటినా నిద్ర పట్టకపోతే సినిమా లోపల ఇంకేదో కదిపిందని అర్థం. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

నాకూ గోళ్ల పక్క చర్మం పీక్కునే అలవాటుంది. నేనూ అలా అయిపోతానా?

అవ్వరు. పరీక్షల ముందు గోళ్లు కొరికేవాళ్లు, మొటిమలు గిల్లేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. అలవాటు వేరు, ఆపుకోలేకపోవడం వేరు. ఎన్నిసార్లు మానాలనుకున్నా కుదరక, పుండ్లు పడి, వాటిని దాచడానికి పొడుగు చేతుల చొక్కాలేసుకుని, నలుగురిలోకి వెళ్లడం తగ్గిస్తుంటే అది వైద్యుడికి చూపించాల్సిన సంగతి. చర్మం గిల్లుకోవడం 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 అనే జబ్బుల జాబితాలో ఓసీడీ (వద్దనుకున్నా చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) కుటుంబంలో విడిగా ఉంది. దీనికి చికిత్స ఉంది. ఫోన్లో మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

తన రూపం మీద ఇంత పిచ్చి అసలు జబ్బేనా? దానికి పేరుందా?

ఉంది. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. 1891లోనే ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి దీన్ని గుర్తించి వేరే పేరుతో రాశాడు. ఇతరుల కంటికి ఆనని లోపం తనకు కొండంత కనబడుతుంది. ముక్కు వంకర, జుట్టు పల్చన, చర్మం బాగోలేదు. గంటలు గంటలు అద్దం ముందు, లేదంటే అద్దమనేదే లేకుండా. మగవాళ్లలో ఒక రకం ఉంది. కండలు ఎంత పెరిగినా తాను బక్కగానే ఉన్నాననుకోవడం. ముక్కు కోయించుకుంటే పోయే జబ్బు కాదిది. ఆపరేషను తర్వాత చూపు ఇంకో అవయవం మీద పడుతుంది. ఆలోచననీ అలవాటునీ మార్చేలా మాటలతో చేసే చికిత్స సీబీటీ, కొన్ని మందులు పనిచేస్తాయి.

ఒక చిక్కుముడి విప్పాలి. 'ద సబ్‌స్టెన్స్' అద్దం సీను ఈ జబ్బుకు దగ్గరగా ఉంటుంది. 'ఇన్ మై స్కిన్' దీని గురించి కాదు. ఎస్తేర్ తాను అందంగా లేననుకోదు, అందం ఆమె ధ్యాసలోనే లేదు.

ఇవన్నీ ఆడవాళ్ల మీదే ఎందుకు తీస్తారు?

అన్నీ కాదు. 'ద ఫ్లై'లో ఈగలా మారిపోయే సైంటిస్టు మగవాడే, అద్దం ముందు తన గోరు ఊడదీసుకునేదీ, ఊడిన భాగాల్ని మందుల అల్మరాలో దాచి దాన్ని మ్యూజియం అనేదీ అతనే. కాకపోతే పాతికేళ్లుగా ఈ రకం సినిమాల్లో పెద్ద పేర్లు ఆడ దర్శకులవి, అందులోనూ ఫ్రాన్సువాళ్లవి. 2002లో మరీనా ద వాన్. తర్వాత జూలియా డుకూర్నో. ఆమె 'టిటాన్' 2021లో ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచింది. 1993లో జేన్ క్యాంపియన్ తర్వాత ఆ బహుమతి అందుకున్న రెండో స్త్రీ ఆమె. 2024లో ఫార్జాకు అదే కాన్‌లో ఉత్తమ స్క్రీన్‌ప్లే.

ఎందుకంటే, పుట్టినప్పట్నుంచీ 'నల్లబడ్డావు, లావయ్యావు, చిక్కిపోయావు' అని పెళ్లిళ్లలో పేరంటాల్లో వినిపించుకునేది ఎవరు? ఒంటిని బయటినుంచి చూడటం వాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు.

మన దగ్గర ఇలాంటివి ఎందుకు రావు?

ఒళ్లు కోసుకోవడం మన కథలకు కొత్తా? శిబి పావురం కోసం తన మాంసం కోసి తక్కెట్లో వేశాడు. తిన్నడు కాళహస్తిలో శివుడి కంటికి తన కన్ను పెకలించి పెట్టాడు, రెండోదానికి గుర్తుగా కాలు ఆనించి మరీ. ఇంతకంటే దగ్గరి కథ యయాతిది. ముసలితనం భరించలేక కొడుకు పూరుడి యవ్వనం పుచ్చుకున్నాడు. భారతం ఆదిపర్వంలో నన్నయ చెప్పిందే. 'ద సబ్‌స్టెన్స్' చూస్తున్నంతసేపూ నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఆయన చివరికి విసిగి యవ్వనం తిరిగిచ్చేశాడు, ఎలిజబెత్ అది చెయ్యలేకపోయింది.

అయితే శిబి ఎదుట పావురం ఉంది, తిన్నడి ఎదుట దేవుడున్నాడు. మన కథల్లో ఒంటి గాయం ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఇచ్చినది. అందుకే చేతులు జోడిస్తాం. ఎవరికీ ఇవ్వని గాయాన్ని ఏం చెయ్యాలో మనకు తెలియదు. తెలుగులో ఒంటి మీద పిచ్చి గురించిన కథలు హాస్యంలోకి మళ్లాయి (అనుష్కతో 2015లో వచ్చిన 'సైజ్ జీరో'), లేదా అదే ఏడాది తమిళం నుంచి వచ్చిన శంకర్ 'ఐ'లోలా పగలోకి. అక్కడ ఒళ్లు పాడుచేసేది శత్రువే, తను కాదు.

మన దేశంలో ఈ దారిలో చాలా దూరం నడిచింది అస్సామీ సినిమా 'ఆమిస్' (2019), భాస్కర్ హజారికా తీశాడు. (ఇక్కడ కథ తెలిసిపోతుంది.) గువాహటిలో ఓ కుర్రాడు ప్రేమించినావిడకు రకరకాల మాంసాలు రుచి చూపిస్తూ చివరికి తన ఒంటిదే వండి పెడతాడు. శిబి కథే, తిరగబడింది. చేతులు జోడించలేం, ఛీ అనలేం.

ఇలాంటివి చూడటం వికారం కాదా అని ఇంట్లో అడుగుతున్నారు. ఏం చెప్పను?

ఫలానా సీను గురించి చెప్పండి, సిద్ధాంతం చెప్పకండి. మా అమ్మకు ఎర్ర గౌను సీను ఒక్కటి చూపించాను. 'పాపం, వెళ్లుంటే బాగుండేది' అంది. తర్వాత ఏమైందని అడగలేదు, నేనూ చెప్పలేదు.

'ఇన్ మై స్కిన్' చివర ఎస్తేర్ చచ్చిపోయిందా?

(ముగింపు తెలిసిపోతుంది.) సినిమా చెప్పదు. హోటల్ గదిలో మంచం మీద పడి ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మన వైపే. కెమెరా గిర్రున తిరుగుతూ ఆమె నుంచి వెనక్కి వస్తుంది. అయిపోయిందనుకుంటే మళ్లీ అదే, మళ్లీ అదే. మా గదిలో సగం మంది చచ్చిపోయిందన్నారు. నేను రెండోసారి చూసినప్పుడు ఆమె కంటి రెప్ప కోసమే చూస్తూ కూర్చున్నాను, నా రెప్ప వేయడం మరిచిపోయాను.